మొదటి కారుగా పాత క్లాసిక్: కొత్త డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

లైసెన్సు చేతికి రాగానే షోరూమ్‌కి వెళ్ళకుండా, ఎక్కడో షెడ్డులో ఉన్న అంబాసిడర్ మీదో పద్మిని మీదో మనసు పడేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. మన రోడ్లు, మన ఎండలు, మన ఆర్టీఓ ఆఫీసులు దృష్టిలో పెట్టుకుని రాశాను.

డ్రైవింగే పాత కారులో నేర్చుకోవచ్చా?

వద్దు. నేర్చుకునేది డ్రైవింగ్ స్కూల్ కారులోనే నేర్చుకోండి. అందులో పక్కన కూర్చున్న మాస్టారి కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. పాత కారులో అది ఉండదు. ఇంకో సంగతి. బండి కుదుపుతో ఆగిపోయినప్పుడు తప్పు మీ క్లచ్ కాలిదా, కార్బురేటర్‌దా (పాత ఇంజిన్లకు పెట్రోలు, గాలి కలిపి అందించే భాగం) అన్నది కొత్తవాళ్ళకు తేలదు. తేలనప్పుడు నేర్చుకోవడమూ జరగదు, బండీ పాడవుతుంది.

ఎల్ఎల్ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితే పర్మనెంట్ లైసెన్సు టెస్టుకు వెళ్ళొచ్చు, ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు. ఈ వ్యవధిని మామూలు కారుకే కేటాయించండి. లైసెన్సు వచ్చాక కూడా ట్రాఫిక్‌లో, వానలో, రాత్రిపూట నడపడం కొన్నాళ్ళు అలవాటు చేసుకుని, ఆ తర్వాతే పాత కారు స్టీరింగ్ పట్టుకోండి.

అసలు ఎంత పాతదైతే క్లాసిక్ అంటారు? వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలా?

క్లాసిక్ అన్నది అభిమానుల మాట, దానికి గట్టి హద్దు లేదు. వింటేజ్‌కు మాత్రం చట్టంలో లెక్క ఉంది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత రెన్యువల్‌కు 5,000.

అయితే ఆ నంబరు పెట్టుకున్న కారును రోజువారీ తిరగడానికి వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరుకు తీసుకెళ్ళడం వంటి వాటికే రోడ్డెక్కాలి. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ కలిసి టిఫిన్‌కు వెళ్ళాలన్నది మీ కోరికైతే మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచుకోండి. మొదటిసారి కొనేవాళ్ళకు 1980ల నుంచి 2000 దాకా వచ్చిన బండ్లే నా సలహా. వాటికి ఈ గొడవ ఇంకా రాదు.

ఏ కారు చూడమంటారు?

ఎక్కువమందికి నేను చెప్పే జవాబు కాస్త నిరుత్సాహపరుస్తుంది: పాత మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు అందించారు. ఆ తొలి మోడల్ ఇప్పుడు చాలా అరుదు, ధర కూడా అలాగే చెబుతారు. 1986లో బాడీ మారింది. ఆ రూపంలో కార్బురేటర్‌తో వచ్చినవి కొత్త డ్రైవర్‌కు చక్కగా సరిపోతాయి. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిను, తేలికైన స్టీరింగు, చిన్న ఒళ్ళు, ఎక్కడైనా పట్టే పార్కింగు. ఏ ఊళ్ళోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. అందరూ చూసేసిన కారే కదా అని తీసిపారేయకండి. బాగా ఉంచుకున్న 1980ల బండి ఇప్పుడు రోడ్డు మీద ఎంత అరుదో గమనించండి.

రెండోది ప్రీమియర్ పద్మిని. ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్ 1100 ఇది. 1964లో డిలైట్‌గా మొదలై, తర్వాత ప్రెసిడెంట్ అయి, పద్మినిగా స్థిరపడింది. 1089 సీసీ. ఇటలీ బండి కాబట్టి చేతికి చురుగ్గా ఉంటుంది, అంబాసిడర్ కంటే చిన్నది. ముంబైలో నలుపు పసుపు టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగాయి. దశాబ్దాలపాటు అన్ని టాక్సీలు నడిచాయి కాబట్టి, ఓపిగ్గా వెతికితే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఇక అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసింది. 2014 మేలో ఆగిపోయింది. మన కలెక్టరాఫీసుల ముందు, పెళ్ళి ఊరేగింపుల్లో, ఏలూరు నుంచి ఆదిలాబాదు దాకా టాక్సీ స్టాండ్లలో దాన్ని చూడని తెలుగువాళ్ళు లేరు. ఎత్తు సీటు, అద్దంలోంచి చుట్టూ బాగా కనిపించడం కొత్తవాళ్ళకు కలిసొచ్చే విషయాలు. బరువైన స్టీరింగు, మందకొడి బ్రేకు మాత్రం కలిసిరావు. అంబాసిడరే కావాలంటే 1990ల్లో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ వెతకండి. ఇసుజు పెట్రోలు ఇంజిను, అయిదు గేర్లు, గేరు లివరు కూడా ఇప్పటి కార్లలాగే కింద ఉంటుంది. పాత 1489 సీసీ బండి అందం వేరే, కాదనను. అది రెండో కారుగా కొనుక్కోండి.

కాంటెస్సాను సినిమాల్లో చూసి మోజుపడేవాళ్ళు ఎక్కువ. 1984 నుంచి 2002 దాకా వచ్చిన పెద్ద కారు. మంచిది దొరకడం కష్టం, దొరికినా లోపలి సామాను, అద్దాలు, లైట్లు దొరకవు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంకా అందమైనది. బోనెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది, ఇంజిను దగ్గర హాయిగా నిలబడి పని చేసుకోవచ్చు. కానీ భాగాల కోసం ఊళ్ళు తిరగాలి. మొదటి కారుగా ఈ రెండూ వద్దు.

పాత కారు భద్రమేనా?

కొత్త కారంత భద్రం కాదు. ఈ మాట ఇంట్లోవాళ్ళకు మీరే ముందు చెప్పండి. మన దేశంలో 2019 నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. మీరు చూస్తున్న కారులో ఇవేవీ లేవు. గుద్దుకున్నప్పుడు దెబ్బను తనలోకి తీసుకునేలా ముందు భాగాన్ని రూపొందించడం, స్టీరింగ్ కడ్డీ గుండెకు తగలకుండా ముడుచుకోవడం కూడా చాలావాటిలో ఉండవు.

కాబట్టి కొన్ని పట్టింపులు పెట్టుకోవాలి. మూడు చోట్ల బిగించే సీటు బెల్టులు వేయించండి. వేసేవాడు రేకుకు బోల్టు కొట్టి ఊరుకోకూడదు, లోపల గట్టి ప్లేటు పెట్టి బిగించాలి. రాత్రిపూట హైవే ప్రయాణాలు మానుకోండి. చిన్నపిల్లల సీటు సరిగా బిగించే వీలు లేని కారులో వాళ్ళను తీసుకెళ్ళకండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు ఇది కాకూడదు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే స్టార్ట్ అవుతుందో లేదో అనుకునే బండి మీద ఆధారపడకూడదు.

బ్రేకుల సంగతి అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?

నిజమే, ఇక్కడ భయం మంచిది. పాత అంబాసిడర్‌కు, పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పాత మోడళ్ళలో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోసేది) నుంచి నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఎక్కడో ఒక చోట రబ్బరు కప్పు కారిందంటే నాలుగూ పోతాయి. ఇప్పటి కార్లలో లైన్లు రెండు, ఒకటి పోయినా రెండోది ఆపుతుంది.

కొనేముందు ఇంజిను ఆఫ్‌లో ఉండగా పెడల్ గట్టిగా నొక్కి, అలాగే ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే లోపల ఎక్కడో లీకు ఉన్నట్టే. రెండు మూడుసార్లు పంపు చేస్తేగానీ పట్టకపోతే గాలి చేరిందో, షూలు అడ్జస్టు చేయలేదో. ఖాళీ రోడ్డు మీద ముప్ఫై వేగంలో బ్రేకు వేసి, స్టీరింగ్ వదులుగా పట్టుకుని చూడండి. బండి ఒక పక్కకు లాగితే ఆ పక్క చక్రం పట్టుతోంది, రెండోది పట్టడం లేదు.

వానలో నీళ్ళు నిలిచిన చోట దాటాక డ్రమ్ములు తడిసి బ్రేకు జారుతుంది. కాస్త దూరం పెడల్‌ను మెల్లగా నొక్కి పట్టుకుని నడిపితే వేడికి ఆరిపోతాయి. శ్రీశైలం, అరకు లాంటి ఘాట్లు దిగేటప్పుడు సెకండ్ గేరులో దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలిపోయి, సగం కొండ దగ్గరే పెడల్ పనిచేయడం మానేస్తుంది. తిరుమల వెళ్ళాలనుకుంటే పాత బండ్లను కొండ మీదకు అనుమతిస్తున్నారో లేదో ఇంట్లోంచి బయలుదేరే ముందే కనుక్కోండి.

కొనేటప్పుడు మొట్టమొదట ఏం చూడాలి?

బాడీ. అందరూ బోనెట్ ఎత్తి ఇంజిను చప్పుడు వింటారు. ఇంజిను బోరుకు వస్తే చేయించొచ్చు, దానికి ఒక లెక్క, ఒక అంచనా ఉంటాయి. కుళ్ళిన రేకుకు అంచనా ఉండదు. టింకరింగ్ షెడ్డులో ఒక చోట విప్పితే పక్కన ఇంకో చోట పొడి రాలుతుంది. బాడీ పని ఖర్చు కారు కొన్న ధరను దాటిపోవడం మామూలే.

చూసే పద్ధతి చెబుతాను. పగటి వెలుతురులో వెళ్ళండి, ఒక టార్చి, చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచులకు, చక్రాల పై వంపులకు, డిక్కీ అంచుకు ఆనించండి. రేకు ఉన్న చోట అతుక్కుంటుంది, పుట్టీ మందంగా పెట్టిన చోట జారిపోతుంది. తర్వాత లోపలి మ్యాట్లు ఎత్తమనండి. యజమాని మొహమాటపడినా సరే ఎత్తించండి. డ్రైవరు కాళ్ళ కింద నేలను బొటనవేలితో నొక్కండి. గట్టి రేకు కదలదు. కుళ్ళినది కరకరమని నలుగుతుంది, ఒక్కోసారి వేలే కిందికి దిగుతుంది. స్టెప్నీ తీయించి డిక్కీ అడుగు చూడండి, అక్కడ నీళ్ళు నిలుస్తాయి. చివరిగా బండి కింద పడుకుని, ముందు చక్రాల సస్పెన్షన్ బిగించిన చోట్లు, వెనక కమాను కట్టలు తగిలించిన చోట్లు టార్చి వేసి చూడండి. అక్కడ కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి. పైన మెరిసే పెయింటుకు మురిసిపోయి ఈ పని ఎగ్గొట్టకండి.

బండి ఏ ఊళ్ళో ఉందన్నది కూడా అడగండి. విశాఖ, కాకినాడ, బందరు వంటి తీరప్రాంతాల్లో ఉప్పు గాలికి రేకు త్వరగా పోతుంది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పొడి నేలలో పెరిగిన బండి బాడీ చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది. రబ్బర్లు, డ్యాష్‌బోర్డు ఎండకు పగిలి ఉంటాయి, అవి మార్చుకోవచ్చు.

మరి ఇంజిను?

మీరు వచ్చేసరికి వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడాలి. సైలెన్సర్ నుంచి వచ్చే నీలం పొగ ఆయిల్ మండుతోందని, ఆగకుండా వచ్చే తెల్ల పొగ నీళ్ళు లోపలికి పోతున్నాయని, నల్ల పొగ పెట్రోలు ఎక్కువ తాగుతోందని చెబుతాయి. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మీగడ లాంటిది కనిపిస్తే నీళ్ళు కలుస్తున్నట్టే. తర్వాత అరగంట నడిపి, వేడి మీటరు ఎక్కడ నిలిచిందో చూడండి. మే నెల విజయవాడలో సిగ్నల్ దగ్గర నిలబడి ఉడికిపోని బండే మీకు పనికొచ్చే బండి.

కాగితాల్లో ఏం చూడాలి?

ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇంజిను మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కించి ఉండాలి. ఆర్‌సీలో ఉన్న పేరు అమ్మేవాళ్ళదే కావాలి. 'మా దగ్గర సంతకం పెట్టిన ఖాళీ ఫారాలున్నాయి, అసలు ఓనరు ఎక్కడున్నాడో తెలీదు' అన్నారంటే, ఎంత చవకైనా లేచి వచ్చేయండి.

పాత పుస్తకం ఆర్‌సీ ఉన్న బండ్లు చాలావరకు కంప్యూటర్ రికార్డుల్లో ఉండవు. రవాణా శాఖ ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూడండి. రాకపోతే డబ్బు ఇచ్చేముందే అమ్మేవాళ్ళను ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్ళి, రికార్డు ఎక్కించడం వాళ్ళ పూచీ అని తేల్చుకోండి. అప్పుల మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. తండ్రిగారో తాతగారో పోయాక వారసులు పేరు మార్పించుకోవడానికి ఫారం 31.

సొంత వాడకం కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ రుసుము 5,000 రూపాయలైంది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటి ఏళ్ళు గడిచిపోయి ఉంటే అదనపు రుసుములు కూడా పడతాయి కాబట్టి ధర మాట్లాడేటప్పుడే ఇవన్నీ తీసేసి మాట్లాడండి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అందువల్ల మొదటిసారికి మన రాష్ట్రం నంబరు ఉన్నదే కొనండి.

పదిహేనేళ్ళు దాటిన కార్లు తుక్కుకు పంపాలంటున్నారు కదా?

ఆ గందరగోళం ఢిల్లీ నుంచి వచ్చింది. పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద కోర్టుల ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర తనిఖీలో పాసై, రెన్యువల్ అయిన కారు నడుపుకోవచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలి. ఢిల్లీ నంబరు కార్లు చవగ్గా వస్తున్నాయని కొనేవాళ్ళు పైన చెప్పిన ఎన్ఓసీ, ట్యాక్సు ఖర్చు కలుపుకుని చూసుకోండి.

ఇన్సూరెన్స్ ఇస్తారా?

థర్డ్ పార్టీ ఇస్తారు, అది లేకుండా బండి తీయడం నేరం. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు, జీఎస్టీ కాకుండా. మారుతి 800 మొదటి వరసలో, పద్మిని, పాత అంబాసిడర్ రెండో వరసలో, ఇసుజు ఇంజిను అంబాసిడర్ మూడో వరసలో పడతాయి. సొంత నష్టానికి కూడా కావాలంటే, అయిదేళ్ళు దాటిన కారు విలువ మీరూ కంపెనీ కలిసి ఒప్పుకోవాలి. ఫొటోలు, చేయించిన పనుల బిల్లులు చూపిస్తే మాట్లాడుకోవడానికి వీలుంటుంది.

ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత కారుకు పడుతుందా?

బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత కార్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రం, కార్బురేటర్ గ్యాస్కెట్లు ముందుగా దెబ్బతింటాయి. పైపు కారి వేడి ఇంజిను మీద పెట్రోలు పడితే నిప్పంటుకుంటుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కొన్న వారంలోనే ఇథనాల్‌ను తట్టుకునే కొత్త పైపులు, క్లిప్పులు వేయించండి. నెలల తరబడి నడపకుండా ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి.

తాతగారి అంబాసిడర్ ఏళ్ళ తరబడి షెడ్డులో ఉంది. బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేయనా?

ఆగండి, ఉత్సాహంలో సెల్ఫ్ కొట్టకండి. లోపల పిస్టన్ రింగులు పట్టేసి ఉండొచ్చు, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ముందు పాత పెట్రోలు, ఆయిల్, రేడియేటర్ నీళ్ళు తీసేయించండి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. తర్వాత బండి న్యూట్రల్‌లో ఉంచి, ముందు నుంచి తిప్పే హ్యాండిల్ ఉంటే దానితో చేత్తో తిప్పండి. సాఫీగా తిరిగితే అదృష్టం. తిరగకపోతే బలం చూపకుండా మెకానిక్‌ను పిలవండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి, షెడ్లలో ఇది తప్పనిసరిగా ఉంటుంది. ఇంజిను బతికినా బ్రేకు సిలిండర్లు, గొట్టాలు, టైర్లు మొత్తం మార్చాకే గేటు దాటించాలి.

టైరు పైన అరిగిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. పక్కన చిన్న పెట్టెలో నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1409 అంటే 2009లో పద్నాలుగో వారం. గాడి కొత్తగా ఉన్నా అలాంటి టైరు మీద హైవే ఎక్కకూడదు.

హ్యాండ్ గేరు, చోక్ కష్టమా?

కష్టం కాదు, వేరే అలవాటు. హ్యాండ్ గేరు అంటే స్టీరింగ్ పక్కనే ఉండే గేరు లివరు. దాన్ని ముందు ఆగి ఉన్న బండిలో, ఇంజిను ఆపి, కళ్ళు మూసుకుని వేయడం సాధన చేయండి. పాత అంబాసిడర్‌లో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్ళ వేగాలు కలిపి సాఫీగా పడేలా చేసేది) ఉండదు. బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ వేయాలి, లేకపోతే పళ్ళు గీసుకున్న చప్పుడు వినిపిస్తుంది. చోక్ అంటే చల్లటి ఇంజినుకు పెట్రోలు పాలు పెంచే మీట. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే లాగండి, ఇంజిను నిలకడగా తిరగగానే లోపలికి నెట్టేయండి. మన వాతావరణంలో ఎక్కువసేపు అక్కర్లేదు.

స్పేర్లు, మెకానిక్‌లు?

విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ రాణిగంజ్ మొదట తిరగాల్సిన చోట్లు. అక్కడ దొరకనివి చెన్నై పుదుపేటలో, కోల్‌కతా మల్లిక్ బజారులో, ఢిల్లీ కశ్మీరీ గేటులో దొరుకుతాయి. పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్ళండి, పేరు చెబితే ఒక్కో దుకాణంలో ఒక్కోటి ఇస్తారు.

కారు కొనకముందే మెకానిక్‌ను వెతుక్కోండి. కార్బురేటర్ ట్యూన్ చేయడం, పాయింట్ల (ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా చేసే చిన్న స్విచ్చు) మధ్య సందు పెట్టడం తెలిసినవాళ్ళు యాభై దాటిన మేస్త్రీలే. అలాంటి ఒకరిని పట్టుకుని, కారు చూడటానికి ఆయన్నే వెంటబెట్టుకు వెళ్ళండి. ఆయన రోజు కూలి ఆయనకివ్వండి. కమీషన్ మీద వచ్చేవాళ్ళు బండి బాగుందనే అంటారు.

రంగు మార్చొచ్చా? ఏసీ, కొత్త ఇంజిను పెట్టించొచ్చా?

రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. ఇంజిను మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, హాలోజన్ లైట్లు, ఆల్టర్నేటర్ లాంటివి బండి రూపం మార్చకుండా నమ్మకాన్ని పెంచుతాయి, అవి పెట్టించుకోండి. ఏసీ గురించి ఏడాది తర్వాత ఆలోచించండి. పాత రేడియేటర్ తన వేడినే తట్టుకోలేని స్థితిలో ఉంటుంది.

కొన్న మొదటి నెల ఏం చేయాలి?

మొదట బ్రేకు ద్రవం, గొట్టాలు, టైర్లు. తర్వాత ఇంజిను, గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్ళు, రేడియేటర్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టు. ముందు చక్రాల సస్పెన్షన్‌లో గ్రీజు పెట్టే చోట్లన్నీ మేస్త్రీ చేత చూపించుకుని, ఆయన పెడుతుంటే పక్కన నిలబడి నేర్చుకోండి. ఇవి అయ్యేదాకా ఊరు దాటకండి. అయ్యాక కూడా మొదట్లో ఇంటికి పది కిలోమీటర్ల లోపలే, తెల్లవారి ట్రాఫిక్ లేనప్పుడు తిప్పండి. డిక్కీలో ఒక ఫ్యాన్ బెల్టు, పాయింట్ల సెట్టు, కండెన్సరు, నీళ్ళ డబ్బా, స్పానర్లు ఉంచండి. నిప్పు ఆర్పే సిలిండరు మాత్రం డిక్కీలో కాదు, మీ సీటు కింద చేతికందేలా బిగించండి.